జల్లెడ పట్టిన రాక్షసబల్లి

మా శిలాజ శుద్ధి కేంద్రంలో పని నెమ్మదిగా సాగుతోందని పైవాళ్ళు కనిపెట్టారు. అందులో అబద్ధం లేదు. కోట్ల ఏళ్ళు రాతిలో పడుకున్న ఎముకని లేపడానికి మేం ఇంకో నాలుగేళ్ళు తీసుకునేవాళ్ళం. ఎముకకి లేని తొందర ప్రభుత్వానికి ఎందుకొచ్చిందో నాకు తెలీదు. ఆరో తరగతిలో బడి మానేసి, రోళ్ళకీ తిరగళ్ళకీ గంట్లు కొట్టుకుంటూ ఊళ్ళు తిరిగినవాణ్ణి నేను. మిక్సీలొచ్చి నా పొట్ట కొట్టాయి. రాయి కొట్టడం వచ్చు కదా అని ఇక్కడ పెట్టుకున్నారు. కాబట్టి ప్రభుత్వాన్ని విమర్శించే చదువు నాకు లేదు. జరిగింది జరిగినట్టు చెప్తాను.

ముందు మా పనేమిటో చెప్పాలి. గోదావరి అవతలి గుట్టల్లోంచి మాకు బండలొస్తాయి. ఒక్కో బండ కడుపులో ఏ రాక్షసబల్లి ఎముకో, దాని చుట్టం ఎముకో ఉంటుంది. చుట్టూ ఉన్న రాయిని గాలి ఉలితో, సూదితో, కుంచెతో తీసేసి ఎముకని బయటపెట్టాలి. గాలి ఉలి అంటే పళ్ళ డాక్టరు దగ్గరుండే మరలాంటిది. వింటే పళ్ళు జివ్వుమనడం కూడా అలాగే ఉంటుంది. తొందరపడితే ఎముక పోతుంది. తొందరపడకపోతే మనిషి ఉద్యోగం పోతుంది. ఈ రెంటి సందులో మేం బతికేవాళ్ళం.

మా అందరిలోకీ నెమ్మది మనిషి నిరీక్షణమ్మ. వక్కపొడి బుగ్గన పెట్టుకుని, భూతద్దం కింద సూదితో రాయిని గోకుతూ కూచునేది. ఆవిడ నెమ్మదితనమంతా భక్తి అనుకోకండి. కొంత బద్ధకం, కొంత కబుర్లు. ఒకసారి ఒక గోరు శుద్ధి చెయ్యడానికి పట్టిన కాలంలో మా ఆఫీసులో రెండు పెళ్ళిళ్ళు కుదిరి, ఒకటి తప్పిపోయింది. కానీ ఆవిడ బల్ల మీది ఎముక ఏదీ విరిగేది కాదు. నా బల్ల మీదివి విరిగేవి. జిగురు కూడా నాకే ఎక్కువ ఖర్చయ్యేది.

ఆవిడ ముందున్న బండలో ఒక తలకాయ ఉంది. దూడ తలంత. ఏ జంతువుదో ఎవరికీ తెలీదు. ముట్టె బయటికొచ్చింది, పైవరస పళ్ళు కొన్ని వచ్చాయి, మిగతా మొహం ఇంకా రాతిలోనే ఉంది. ముట్టె ఫొటోలు రాజధానిలోని పండితులకి ఎప్పుడో వెళ్ళాయి, వాళ్ళు కూడా ఆవిడలాంటి వాళ్ళే, జవాబు రాలేదు. ఆ ఎండాకాలం ఆవిడ రిటైరవుతోంది.

"దీని మొహం చూసి పోతాను తమ్ముడూ," అనేది నాతో. "ముట్టె తెలుసు. కళ్ళెక్కడున్నాయో తెలీదు. మొహం చూడకుండా ఇన్నేళ్ళు ఎవరితోనైనా కాపురం చేస్తారా?"

నేను చూసే చేశాను అక్కా, లాభమేం కనబడలేదు అన్నాను.

ఆ రోజుల్లోనే మాకు కొత్త డైరెక్టరుగా సర్వోత్తమరావు గారు వచ్చారు. అంతకుముందు ధాన్యం గోదాములు చూసేవారట. వచ్చీ రాగానే మమ్మల్నందర్నీ పిలిచి, నెలకి ఎన్ని ఎముకలు తీస్తున్నారని అడిగారు. ఎముకల్ని అలా లెక్కెయ్యలేం సార్, ఒకటి వేలి కణుపంత ఉంటుంది, ఒకటి దూలమంత ఉంటుంది అని చెప్పాం. ఆయన కళ్ళు మూసుకుని ఆలోచించారు. ఆయన ఆలోచించినప్పుడల్లా మాకు ఏదో ఒకటి జరిగేది.

"ఎముక అనేది ముందే ఉంది," అన్నారు కళ్ళు తెరిచి. "దాన్ని మీరు తయారుచెయ్యలేదు. అది దేవుడి ఖాతా. మీరు చేస్తున్నదేమిటి? రాయిని పొడి చేస్తున్నారు. అంచేత ఈ సంస్థ ఉత్పత్తి పొడి."

ఇందులో తప్పెక్కడుందో పట్టుకోవడానికి మాలో ఎవరికీ వీలు కాలేదు. మర్నాడు ఉత్తర్వు వచ్చింది. శిలాజ శుద్ధి ప్రక్రియ యందు ఉత్పాదకతను వస్తుగతంగా మదింపు చేయు నిమిత్తం, ప్రతి శుద్ధికారుడు వెలువరించిన రాతిపొడిని సాయంత్రం తూకం వేయుటకు ఇందుమూలముగా నిర్ణయించడమైనది, అని. వసారాలో కాటా పెట్టారు. సాయంత్రం అయ్యేసరికి మేం పొడి చేటల్లోకి ఎత్తుకుని, ధాన్యం కొలిపించుకునే రైతుల్లా వరసలో నిలబడేవాళ్ళం. కొందరు జుట్టు దులిపి అది కూడా కాటాలో వేసేవారు.

నేను గాలి ఉలి పక్కన పడేసి పాత సుత్తి తీశాను. రోళ్ళు చెక్కిన చెయ్యి. మొదటి వారమే నాకు శాలువా కప్పి ఉత్తమ శుద్ధికారుడన్నారు. నా బండల్లోని ఎముకలేమయ్యాయని ఒక్కరూ అడగలేదు. పొడిలో అవీ ఉన్నాయి. తూకానికి బాగా కలిసొచ్చాయి.

నిరీక్షణమ్మ పొడి నశ్యం డబ్బాలో పట్టేది. డైరెక్టరు గారు అది చూసి ఇదేమిటమ్మా అన్నారు. రాయి గట్టిది సార్ అంది. అయితే మెత్తటి రాయి తీసుకోమన్నారు.

"మెత్తటి రాతిలో తలకాయ లేదు సార్."

"ఇప్పుడు తలకాయ ఎవరడిగారమ్మా?" అన్నారాయన. నిజంగానే తెలుసుకుందామని అడిగినట్టు అడిగారు.

వేగం ఇలా పెరిగాక, నాణ్యత సంగతేమిటని పైనించి ఇంకో ఉత్తరం వచ్చింది. ఆ వెనకే నాణ్యతా సలహాదారు ఇందుశేఖర్ గారు వచ్చారు. చేతికి తెల్ల తొడుగులు వేసుకుని, బస్తాలో చెయ్యి పెట్టి, నా పొడి గుప్పెట్లోకి తీసుకుని విరజిమ్మి చూశారు. గులకలున్నాయి. పెంకులున్నాయి. ఒక పన్ను కూడా ఉంది. ఆయన ఆ పన్నుని రెండు వేళ్ళతో పట్టుకుని, అన్నంలో రాయి దొరికినవాడిలా మొహం పెట్టారు.

నాణ్యత అనగా ఏకరూపత అని ఆయన మాకు ఉపన్యాసం చెప్పారు. ఏ గింజకి ఆ గింజ ఒకేలా ఉండాలి. జల్లెడలోంచి దిగింది నాణ్యం, దిగనిది నాణ్యతాహీనం. మర్నాటి నించి కాటా పక్కనే జల్లెడ వెలిసింది. జల్లెడ దిగని పొడి ఎవరిది వాళ్ళకి వెనక్కి ఇచ్చేసేవారు. మళ్ళీ దంచి తెచ్చుకోవాలి.

దాంతో నా తూకం పడిపోయింది. అందరి తూకం పడిపోయింది. ఒక్క నిరీక్షణమ్మ నశ్యమే మొదటి జల్లింపులో మొత్తం దిగిపోయింది. ఆ వారం శాలువా ఆవిడకి కప్పారు. ఎండలకి తట్టుకోలేక ఆవిడ దాన్ని మడిచి బండ కింద ఎత్తుగా పెట్టుకుంది.

డైరెక్టరు గారు వేగం కావాలంటారు, సలహాదారు గారు నాణ్యం కావాలంటారు. ఒకే వసారాలో కాటా దగ్గర ఒకరు, జల్లెడ దగ్గర ఒకరు కుర్చీలేసుకుని ఎడమొహం పెడమొహంగా కూచునేవారు. చివరికి వేగ నాణ్యతల సమతుల్య సంఘం అని ఒకటి వేశారు. ఆ సంఘంలో ఉన్నదీ వాళ్ళిద్దరే. చాలాసేపు టీలు వెళ్ళాక తలుపు తెరుచుకుంది. బయటికొచ్చి నన్ను పిలిచి, ఊళ్ళో పిండి మర ఎక్కడైనా ఉందా అని అడిగారు.

పిండి మర లేదు. మూతపడ్డ కారం మర ఉందని చెప్పాను. అదెందుకో తెలిస్తే చెప్పకపోదును. అలా అని అనుకోవడం బావుంటుంది గానీ, తెలిసినా చెప్పేవాణ్ణే. ఎందుకంటే దాని రాళ్ళకి గంట్లు కొట్టేవాడు కావాలి, ఆ చుట్టుపక్కల అది వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. మిక్సీలు ఎత్తుకుపోయిన నా పనిని ప్రభుత్వం వెతికి తెచ్చి మళ్ళీ నా చేతిలో పెట్టింది. మరని తెచ్చి మా వసారాలో బిగించి, నాకు శుద్ధి యంత్ర నిర్వాహకుడని పేరు పెట్టారు. బండని సుత్తితో ముక్కలు చేసి పైన పోస్తే కింద మెత్తగా దిగేది. వేగమూ వచ్చింది, నాణ్యమూ వచ్చింది. ఒక్కటే లోపం, మరకి ఎన్నేళ్ళ కారమో పట్టి ఉంది. పొడి కాస్త ఎర్రగా వచ్చేది. వసారా అంతా తుమ్ములు. ఇందుశేఖర్ గారు కళ్ళు తుడుచుకుంటూ, ఏకరూపత అద్భుతంగా ఉందన్నారు.

ఎముకల్ని ఏం చెయ్యాలన్న ప్రశ్న వచ్చింది. పెద్ద ఎముకలు పడితే మర ఆగిపోతోంది. డైరెక్టరు గారు ధాన్యం మనిషి కనక తేలిగ్గా తేల్చేశారు. పొడి బియ్యం, ఎముక తవుడు. తవుడు వెనక షెడ్డులో పడెయ్యండి. అలా రాయి వదిలిన ఎముకలన్నీ రేకుల షెడ్డులోకి చేరాయి, భవనంలో అద్దాల బీరువాల్లోకి పొడి బస్తాలు చేరాయి.

ఇంతలో మంత్రిగారు వస్తున్నారని కబురొచ్చింది. ఆయన చేతుల మీదుగా మరకి ప్రారంభోత్సవం. మర ఆడుతూనే ఉంది, అయినా ప్రారంభించాలి. మంత్రిగారి ఎదుట మరలో వెయ్యడానికి ఒక నిండు బండ కావాలని వెతికితే, మేం అన్నీ ఆడించేశాం. మిగిలింది నిరీక్షణమ్మ బల్ల మీదిదే.

"ఈ ముహూర్తపు బండ గౌరవం మీకు దక్కింది," అన్నారు డైరెక్టరు గారు ఆవిడతో. ఆయన ఆ మాట ప్రేమగానే అన్నారు.

ఆయన వెళ్ళాక ఆవిడ వక్కపొడి ఊసొచ్చి, నా మర దగ్గర నిలబడింది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు.

"కన్ను దగ్గరికి వచ్చాను తమ్ముడూ," అంది. "ఇవాళో రేపో తెలుస్తుంది ఎక్కడుందో."

నేనేం పుణ్యాత్ముణ్ణి కాను. రోజంతా రాక్షసబల్లుల్ని కారం పట్టించేవాణ్ణి. కానీ ఆ మర కట్టేసినా నా చెవుల్లో ఆవిడ మాటే తిరిగింది. ఆలోచిస్తే దారి డైరెక్టరు గారి తవుడు లెక్కలోనే ఉందని తోచింది. రాయి ఉన్నంతసేపే అది బండ. రాయి పోతే తవుడు. తవుడుని ఎవరూ ముట్టుకోరు. మంత్రిగారు వచ్చేలోగా తలకాయ చుట్టూ రాయి లేకుండా చేసేస్తే, అది షెడ్డులోకి పోతుంది. మరకి రాయి మిగులుతుంది.

అదే చెప్పాను. ఆవిడ నవ్వింది. "అంటే నన్ను తొందరపడమంటావు."

నువ్వు ముందు, నేను వెనక అన్నాను. మొహం నీది, వెనక రాయంతా నాది.

అలా ఆ కేంద్రంలో మొదటిసారి ఎవరూ చెప్పకుండా పని మొదలైంది. ఆవిడ సూది వదిలి గాలి ఉలి పట్టింది. నేను సుత్తి వదిలి చిన్న ఉలి పట్టాను. మామూలుగా తాబేలు మీద ఎక్కి వెళ్ళే మనిషి మొదటిసారి సైకిలెక్కినట్టుంది ఆవిడ వాలకం. నాకేమో చెయ్యి కట్టేసినట్టుండేది. నేను గట్టిగా వేస్తే ఆవిడ తల ఎత్తి చూసేది. ఆవిడ ఒకేచోట ఎక్కువసేపు ఆగితే నేను దగ్గేవాణ్ణి. ఆ చూపుకీ ఈ దగ్గుకీ మధ్య పని నడిచింది.

వెనకవైపు రాయి పెద్ద పలకగా విడిపోయింది. నాకు హుషారొచ్చింది. ఇంకొక్క దెబ్బ వేశాను. చెవి ఉండే చోట ఎముక పెంకు ఒకటి టప్పున ఊడి నేల మీద పడింది. ఆవిడ ఉలి ఆపేసింది. వంగి, ఆ పెంకు తీసుకుని, ఊది, కొంగుతో తుడిచి, జిగురు రాసి, దాని చోట పెట్టి, వేలితో అదిమి పట్టుకు కూచుంది. ఆ రోజంతా నాతో మాట్లాడలేదు. టీ కూడా నా గ్లాసు వదిలేసి మిగతావి తెచ్చింది.

మర్నాడు మధ్యాహ్నం నన్ను భుజం మీద తట్టింది. వెళ్ళి చూశాను. కంటిగుంట బయటికొచ్చింది. నేను పక్కకి ఉంటుందనుకున్నాను. ముందుకు ఉంది, గుండ్రంగా, తిన్నగా మన వైపే చూస్తున్నట్టు. కుంచెతో దాని చుట్టూ దుమ్ము తీస్తూ ఆవిడ, "అయ్యో, ఎంత చిన్న మొహమే నీది," అంది దాంతో. నాతో కాదు. నేను బయటికి వెళ్ళి మర దగ్గర కాసేపు ఊరికే నిలబడ్డాను. అక్కడ కళ్ళు మండితే కారణం ఎవరూ అడగరు.

తలకాయ షెడ్డులోకి పోయింది. చెవి వెనకా, దవడ లోపలా కాస్త రాయి మిగిలే ఉంది, అయినా ఎవరూ చూడలేదు. వెనక నించి ఊడిన పలకకి పసుపు రాసి, బొట్లు పెట్టి, పూలదండ వేసి ముహూర్తపు బండ చేశాం. తేడా ఎవరికీ తెలియలేదు. లోపల ఎముక ఉందా అని అడిగే అలవాటు అప్పటికే పోయింది.

మంత్రిగారు మీట నొక్కారు. మర ఆడింది. పొడి ఇత్తడి పళ్ళెంలో పట్టి ఆయన ముందు పెట్టారు డైరెక్టరు గారు. ఇది కోట్ల సంవత్సరాల నాటిదని చెప్పారు. మంత్రిగారు చెప్పులు విడిచారు. మేం ఎందుకా అని చూస్తున్నాం. ఆయన వంగి, మూడు వేళ్ళతో పొడి తీసుకుని, నుదుట అడ్డంగా పెట్టుకుని, కొంచెం నాలిక మీద వేసుకున్నారు.

ఒక్క క్షణం ఏమీ కాలేదు. తరవాత ఆయన నుదురు ఎర్రబడింది. కళ్ళ వెంట నీళ్ళు ధారగా కారాయి. ముక్కు కూడా కారింది. ఇందుశేఖర్ గారు మొహం పాలిపోయి నా వైపు చూశారు. నేను మర వైపు చూశాను.

"శక్తి ఉంది," అన్నారు మంత్రిగారు గొంతు పూడుకుపోయి. "ఒళ్ళంతా పాకుతోంది."

"ప్రాచీన శక్తి సార్," అన్నారు డైరెక్టరు గారు.

ఆ మాట ఊరు దాటింది. మర్నాటి నించి గేటు దగ్గర జనం. మోకాళ్ళ నొప్పులకి, పిల్లల పరీక్షలకి, కోర్టు వాయిదాలకి పొడి కావాలన్నారు. కొత్త ఉత్తర్వు వచ్చింది. ప్రజా ప్రయోజనార్థం శుద్ధ శిలాచూర్ణమును పొట్లముల రూపమున సరఫరా చేయు విషయమై, అని. ఒక ముసలాయన మోకాలికి రాసుకుని, మంటపుట్టి, గేటు దగ్గరనించి బస్సు స్టాండు దాకా పరుగెత్తాడు. దాన్ని మా వార్షిక నివేదికలో విజయంగా రాశారు.

గుట్టల నించి బండలు రావడం ఆగిపోయింది. అకాల వర్షాలకి దారి పోయిందట. పొట్లాలకి పొడి లేదు. డైరెక్టరు గారు కళ్ళు మూసుకున్నారు.

"తవుడులోంచి నూనె తీస్తున్న కాలమయ్యా కోటిలింగం," అన్నారు కళ్ళు తెరిచి. "తవుడుని వృథా చెయ్యడం నేరం. సోమవారం నించి షెడ్డు ఖాళీ చెయ్యి. అన్నీ సుత్తితో చితక్కొట్టి మరలో వెయ్యి."

శనివారం నిరీక్షణమ్మ రిటైర్మెంటు. ఆవిడకి విషయం తెలిసింది. వీడ్కోలు సభకి నేను రాను, ఆ తలకాయ దగ్గర కూచుంటాను, మర్యాదగా అడిగితే లేస్తాను, లేకపోతే లేవను అంది. కూచుంటే ఎన్నాళ్ళు కూచుంటావు అక్కా, సోమవారం నువ్వు ఉద్యోగివి కూడా కాదు, గేటు దగ్గరే ఆపేస్తారు అన్నాను. అలా అన్నాక నాకే అనిపించింది. గేటు దాటి లోపలికి రావడం ఆవిడకి కుదరదు. తలకాయ గేటు దాటి బయటికి వెళ్ళడం కుదరాలి.

మా ఆఫీసులో ఎవరు రిటైరైనా శాలువా, దండ, జ్ఞాపిక ఇవ్వడం ఆచారం. జ్ఞాపిక అంటే గాజు పెట్టెలో ప్లాస్టిక్ తాజ్‌మహల్ లాంటిది. నేను వెళ్ళి డైరెక్టరు గారితో, ఈసారి జ్ఞాపిక బయట కొనకుండా మన సంస్థ వ్యర్థాల్లోంచే ఒకటి ఇస్తే ఆదర్శంగా ఉంటుందేమో సార్ అన్నాను. ఆదర్శం అన్న మాట ఆయనకి నచ్చింది. వ్యర్థమని ధ్రువీకరించాలి మరి అన్నారు.

ఇందుశేఖర్ గారు తెల్ల తొడుగులు వేసుకుని వచ్చారు. తలకాయని జల్లెడలో పెట్టమన్నారు. నేను పెట్టాను. ఆయన తన చేత్తో జల్లెడని అటూ ఇటూ ఆడించారు. నా ప్రాణాలు పైకెగిరి కిందపడ్డాయి. ఏమీ దిగలేదు.

"పూర్తిగా నాణ్యతాహీనం," అని రాసి, తలకాయ అడుగున ముద్ర వేశారు.

శనివారం సభలో డైరెక్టరు గారు ఆవిడ సేవల గురించి చాలాసేపు మాట్లాడారు. ఆవిడ వేగం గురించి కూడా మాట్లాడారు, ఉపన్యాసం ఎవరిదో పాతది అయ్యుంటుంది. తరవాత తలకాయని రెండు చేతులా ఎత్తి ఆవిడ చేతుల్లో పెట్టారు. ఫొటో తీశారు. ఆవిడ దాన్ని చంటిపిల్లలా భుజానికి ఆనించుకుని, పైన శాలువా కప్పి, గేటు దాటింది. కాపలావాడు సెల్యూట్ కొట్టాడు.

సోమవారం నేను షెడ్డు ఖాళీ చేశాను. మిగతావన్నీ మరలో వేశాను. అది కూడా చెప్పాలి.

రాజధాని పండితుల జవాబు వానాకాలంలో వచ్చింది. ఆ ముట్టె వాళ్ళకి తెలిసిన ఏ జంతువుదీ కాదట. ఇది దేశానికే గర్వకారణం కావచ్చు, తలను వెంటనే జాగ్రత్తగా పంపించండి అని రాశారు. డైరెక్టరు గారు, ఇందుశేఖర్ గారు కూచుని ఆలోచించి, ఇంత నాసి సరుకు పైవాళ్ళకి పంపితే పరువు పోతుందని, జల్లెడ పట్టిన మేలు రకం పొడి ఒక పొట్లం, దాంతో నాణ్యతా పత్రం పంపించారు. పండితులు పరీక్ష చేసి తిరిగి రాశారు. ఇందులో మిరపకాయ ఉందని.

ఆ ఉత్తరం పట్టుకుని నేను నిరీక్షణమ్మ ఇంటికి వెళ్ళాను. టీవీ పక్కన బల్ల మీద, బైబిలుకి ఇటువైపు, ఆ తలకాయ శాలువా మీద కూచుని గుమ్మం వైపు చూస్తోంది. ఆవిడ దాని దవడ లోపల సూదితో గోకుతోంది. ఉత్తరం చదివి వినిపించాను.

"పని అవ్వనీ. నేనే బస్సులో తీసుకెళ్ళి వాళ్ళ చేతిలో పెడతాను," అంది. "తొందర చెయ్యొద్దని రాయి."

నేను దగ్గరికి వెళ్ళి చూశాను. అంతా నున్నగా, శుభ్రంగా ఉంది. చెవి దగ్గర మాత్రం నేను ఊడగొట్టిన పెంకు అతుకు గీతలా కనిపిస్తోంది. అక్కా, ఇంత చేశావు, ఇదెందుకు వదిలేశావు, కాస్త పూత పూస్తే కనపడదు కదా అన్నాను.

ఆవిడ వక్కపొడి బుగ్గ మార్చింది.

"ఉండనీ తమ్ముడూ. నువ్వు చేసిన పనుల్లో మరలో పడకుండా మిగిలింది అదొక్కటే."

అని రెండో సూది నా చేతికిచ్చి, కూచోమంది.